హెడ్‌లైట్ల ఎత్తు సరిచేసుకోవడం: 15 గంటలు, 735 రూపాయలు, ఒక పొగాకు షెడ్డు

బండి పదకొండేళ్ల పాత పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. బల్బులు హెచ్4 రకం: దూరం వెలుగుకు (హై బీమ్) 60 వాట్లు, కిందికి వంగిన దగ్గరి వెలుగుకు (లో బీమ్) 55. జూలైలో టంగుటూరు దాటి కొండపి వైపు వెళ్తుంటే గేదె అడ్డమొచ్చి ఎడమ లైటు పగిలింది. గేదెకు ఏమీ కాలేదు, దాని యజమానితో తేల్చుకోవడానికే అరగంట పట్టింది. తర్వాత ఒక షాపులో కొత్త లైటు బిగించారు. ఆ రాత్రి నుంచి ఎడమ వెలుగు బంపర్ ముందు చాప పరిచినట్టు నేల మీదే పడుతోంది. కుడి లైటు బాగానే ఉంది. ఈ పనంతా మొదలైంది అక్కడ.

ఈ డైరీలో సగానికి పైగా నేను చేసిన తప్పులే ఉంటాయి. స్క్రూ సరిగ్గా తిప్పడానికి పట్టిన సమయం మొత్తం మీద ఇరవై నిమిషాలు కూడా కాదు.

1వ దశ: వీధి చివర గోడ (ఆగస్టు 2)

ముందు కొలతలు. బానెట్ ఎత్తితే లైటు డబ్బా మీద చిన్న లైటు బొమ్మ, దాని పక్కన 1.2% అని అచ్చు వేసి ఉంది. లో బీమ్ పై అంచు ప్రతి మీటరుకు 1.2 సెంటీమీటర్ల చొప్పున కిందికి దిగాలని దాని అర్థం. కొన్ని బండ్ల మీద 1% ఉంటుంది. మీ బండి మీద ఏముందో అదే పట్టుకోండి.

నా బండి లెక్క:
- నేల నుంచి బల్బు మధ్యకు ఎత్తు: 68 సెం.మీ.
- రెండు బల్బుల మధ్య దూరం: 112 సెం.మీ.
- 5 మీటర్ల దగ్గర వెలుగు అంచు ఉండాల్సిన ఎత్తు: 68 – 6 = 62 సెం.మీ.

ఒంగోల్లో మా వీధి ఒక కాంపౌండ్ గోడ దగ్గర ఆగిపోతుంది. గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిలబెట్టి, 62 దగ్గర అడ్డంగా మాస్కింగ్ టేప్ అంటించాను. బానెట్ కింద ప్రతి లైటుకూ రెండు స్క్రూలు ఉన్నాయి. ఒకటి ఎత్తుకు, ఇంకోటి పక్కలకు. ఏది ఏదో తెలియక మొదట పక్క స్క్రూ తిప్పాను. వెలుగు ఎదురింటి గేటు మీదికి పోయింది. ఎన్ని చుట్లు తిప్పానో లెక్క పెట్టుకోలేదు కాబట్టి వెనక్కి తేవడానికి అరగంట పట్టింది. స్క్రూ మీద మార్కర్‌తో చుక్క పెట్టి, చుట్లు కాగితం మీద రాసుకుని ఉంటే ఆ బాధ ఉండేది కాదు.

ఎలాగోలా రెండు లైట్ల వెలుగు అంచు గీతలూ టేపు మీదికి వచ్చాయి. అప్పటిదాకా బాగానే ఉన్న కుడి లైటు టేపు కన్నా బాగా కిందికి కనబడితే దాన్ని కూడా ఎత్తేశాను. ఇక్కడే ఆగి ఆలోచించాల్సింది. పదేళ్లుగా ఎవరూ ముట్టుకోని లైటు ఇవాళ తప్పు చూపిస్తోందంటే అనుమానించాల్సింది గోడను, నేలను. నేను లైటును అనుమానించాను.

ఇప్పటిదాకా: పొడుగు స్టార్ స్క్రూడ్రైవర్ 150, టేపు, సుద్దముక్కలు 60. మొత్తం 210 రూపాయలు, గంటన్నర.

2వ దశ: రోడ్డు చెప్పిన మాట (ఆగస్టు 3)

హైవే మీద డివైడర్ ఉంటుంది కాబట్టి ఎదురొచ్చేవాళ్ల కళ్లలో వెలుగు పడుతోందో లేదో అక్కడ సరిగ్గా తెలియదు. టంగుటూరు నుంచి కొండపి వైపు రెండు వరుసల దారి పట్టాను. లో బీమ్ మీదే నడిపాను, హై బీమ్ ముట్టుకోలేదు. పక్క సీట్లో మా బావమరిది లెక్క రాశాడు.

ఎదురొచ్చినవి 23. నా వెలుగు కళ్లలో పడుతోందని లైటు వేసి ఆర్పినవి, అంటే డిప్పర్ కొట్టినవి 9.

ఒక ట్రాక్టరాయన బండి ఆపి, "ఏందన్నా, కళ్లు పోగొడతావా?" అన్నాడు. లో బీమే అని చెబితే నమ్మలేదు. నేనైనా నమ్మను.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ నిబంధన ఈ సంగతే చెబుతుంది: ముందు లైటు నుంచి 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల కంటి ఎత్తుతో నిలబడ్డ మనిషికి కళ్లు చెదరకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి. ట్రాక్టరాయన నిబంధన చదివి ఉండకపోవచ్చు గానీ ఆయన అడిగింది అదే.

3వ దశ: బల్బుల మీద పడ్డ అనుమానం (ఆగస్టు 5)

గోడ మీద గీత సరిగ్గా ఉంది కదా, ఇక తప్పు బల్బులదే అనుకున్నాను. రెండు కొత్త హాలోజన్ బల్బులు తెచ్చాను, ఒక్కోటి 180. కొట్టాయన ఎల్ఈడీ వేసుకోమన్నాడు. వద్దన్నాను. హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఆ దొప్ప, ఆ ఫిలమెంటు ఉన్న చోటును బట్టే లోపలి అద్దం వంపులు తీర్చారు. వెలుగు పుట్టే చోటు కాస్త జరిగినా గీత చెదిరిపోతుంది. అందుకే హాలోజన్ లైటు డబ్బాలో ఎల్ఈడీ పెట్టిన బండ్లు ఎదురొస్తే మనం తిట్టుకునేది.

ఎడమ లైటు వెనక రబ్బరు మూత తీస్తే ఒక సంగతి బయటపడింది. బల్బుకు మూడు రెక్కలుంటాయి. వెడల్పుది పైకి వచ్చి, మూడూ గాడుల్లో కూర్చోవాలి. ఇక్కడ ఒక రెక్క గాడిలోకి దిగలేదు, తీగ క్లిప్పు సగమే పట్టుకుని ఉంది. బిగించిన వాళ్లు రబ్బరు మూత వేసేశారు కాబట్టి బయటికి కనపడలేదు. బల్బు వంకరగా ఉండటం వల్లే ఎడమవైపు గీత మసకగా, చెదిరినట్టు ఉండేది. సరిగ్గా కూర్చోబెట్టి క్లిప్పు టక్‌మనే దాకా నొక్కాను. గీత పదునెక్కింది.

మళ్లీ అదే దారి. ఎదురొచ్చినవి 20. డిప్పర్ కొట్టినవి 8.

బల్బు తప్పు నిజమే, కానీ అసలు తప్పు అది కాదు. కొత్త బల్బులకు పెట్టిన 360 దండగ. పాతవి డాష్‌బోర్డ్ అరలో స్పేర్‌గా పడున్నాయి.

ఇప్పటిదాకా: 570 రూపాయలు, 4 గంటలు.

4వ దశ: మేస్త్రి నీళ్ల ట్యూబు (ఆగస్టు 9)

మా ఎదురింట్లో పై అంతస్తు కడుతున్నారు. తాపీ మేస్త్రి సాయంత్రం పని దిగుతూ, నేను గోడకు టేపు అంటిస్తుంటే నిలబడి చూశాడు. "లైట్ల సంగతి నాకు తెలీదు గానీ సార్, ఈడ నేల లెవెల్లో లేదు. పోయినేడు పైపు పూడ్చినప్పుడు ఎగుడుగా పోశారు" అన్నాడు. చూస్తే నా కంటికి చదునే. ఆయన నీళ్లు నింపిన ట్యూబు తెచ్చి ఒక కొస నా చేతికిచ్చాడు.

ట్యూబులో బుడగలు లేకుండా చూసుకుని, రెండు కొసల్లో నీళ్లు కదలడం ఆగేదాకా ఉండి కొలిచాం.

- ముందు చక్రాల నుంచి గోడ దాకా నేల: తేడా లేదు.
- వెనక చక్రాల కింద నేల: ముందుకన్నా 3 సెం.మీ. ఎత్తు.
- ముందు, వెనక చక్రాల మధ్య దూరం: 240 సెం.మీ.

3ని 240తో భాగిస్తే 1.25 శాతం. అంటే బండి మూతి 1.25% కిందికి వంగి నిలబడింది. అలా వంగిన బండికి నేను గోడ మీద 1.2% వంపు పెట్టాను. చదునైన రోడ్డు ఎక్కగానే మూతి లేచింది, వెలుగు నేలకు సమాంతరమైపోయింది. 68 సెంటీమీటర్ల ఎత్తున బయలుదేరిన వెలుగు 1.2% వంపులో ఉంటే సుమారు 57 మీటర్ల దగ్గర నేలను తాకాలి. నాది అసలు తాకడమే లేదు.

మూడు సెంటీమీటర్లంటే రెండు వేళ్ల మందం. మనం సరిచేసేదే ఒక శాతం వ్యవహారమైనప్పుడు ఆ రెండు వేళ్లు మొత్తం పనిని మింగేశాయి. బంగారం తూచే త్రాసును ఊగే బల్ల మీద పెట్టినట్టు.

ఇంకో మాట. నేల వాలుగా ఉండటం అంతట అదే తప్పు కాదు. నాలుగు చక్రాల కిందా, అక్కడి నుంచి గోడ అడుగు దాకా ఒకే వాలు ఉండి, గోడ కూడా ఆ నేలకు నిలువుగా ఉంటే, ఎత్తులు నేల నుంచి కొలిచినంతవరకు లెక్క చెడదు. బండి కింద ఒక వాలు, గోడ ముందు ఇంకో వాలు ఉంటేనే చిక్కు. ఇది అర్థమవడానికి నాకు ఒక రాత్రి పట్టింది.

ట్యూబు అరువు. మేస్త్రికి టీ తాగించాను, దాన్ని లెక్కలో కలపలేదు. మొత్తం 570 రూపాయలు, 5 గంటలు.

5వ దశ: షెడ్డు, మొదటిసారి (ఆగస్టు 10)

కొండపి దగ్గర మా మేనమామకు పొగాకు గ్రేడింగ్ షెడ్డు ఉంది. బేళ్లన్నీ వేలానికి వెళ్లిపోయి షెడ్డు ఖాళీగా ఉంది. సిమెంటు నేల, చివర ప్లాస్టరింగ్ చేసిన గోడ, 16 మీటర్ల పొడవు. లోపలికి అడుగుపెడితే ఇంకా ఆ తియ్యటి ఘాటు వాసనే.

మేస్త్రి ట్యూబు వెంట తెచ్చాను. ఆరు చోట్ల కొలిస్తే నేల కడగడానికి వీలుగా తలుపు వైపు వాలు ఉంది, కానీ అంతటా ఒకే వాలు. ఎక్కడా 5 మిల్లీమీటర్లకు మించి తేడా రాలేదు. పనికొస్తుంది.

ఈసారి దూరం 10 మీటర్లు పెట్టుకున్నాను. దూరం పెరిగితే గోడ మీద తప్పు పెద్దగా కనబడుతుంది. లెక్క కూడా సులువు: 1.2% అంటే 12 సెంటీమీటర్లు, గీత ఉండాల్సింది 56 దగ్గర.

ముందు చేసుకోవాల్సినవి, ఈ వరుసలోనే:

1. నాలుగు టైర్లలో గాలి. నాది వెనక కుడి టైరు 24 దగ్గర ఉంది, మిగతావి 33. అన్నీ 33 చేశాను.
2. డిక్కీ ఖాళీ చేయడం. స్టెప్నీ, జాకీ మాత్రం ఉంచాలి.
3. డాష్‌బోర్డ్ మీద లైట్ల ఎత్తు మార్చే చిన్న చక్రం 0లో ఉండాలి.
4. డ్రైవర్ సీట్లో ఒక మనిషి కూర్చోవాలి.
5. బండిని రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఊపి వదలాలి, స్ప్రింగులు సర్దుకుంటాయి.
6. బండి గోడకు సూటిగా ఎదురుగా ఉండాలి. నేల మీద 3, 4, 5 మీటర్ల దారాలతో మూలమట్టం గీసి, ఆ గీత వెంట చక్రాలు నిలిపాను. ముందు రెండు చక్రాల నుంచి గోడకు దూరం 4 మిల్లీమీటర్ల తేడాలోకి వచ్చింది.

నాలుగో పనికి మామయ్య కూర్చున్నాడు. ఆయన 68 కిలోలు, నేను 72, తేడా వదిలేశాను. పది నిమిషాల్లో స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోయాడు. హారన్ మోగినప్పుడల్లా లేచి "అయిపోయిందా అల్లుడూ?" అనేవాడు.

గోడ మీద సుద్దతో 68 దగ్గర ఒక అడ్డగీత, 56 దగ్గర ఇంకోటి, ప్రతి బల్బుకు ఎదురుగా ఒక నిలువు గీత. లైటు వేసి కుడివైపు గీత కొలిస్తే 68.5. వీధిలో లెక్క కట్టినట్టే వెలుగు దాదాపు సమాంతరంగా ఉంది. కాగితం మీది లెక్క గోడ మీద అర సెంటీమీటరు తేడాతో ఎదురుపడేసరికి, ఈ వారంలో మొదటిసారి ఏం చేస్తున్నానో నాకు తెలుస్తోందనిపించింది.

కుడి ఎత్తు స్క్రూ అర చుట్టు తిప్పితే గీత రెండున్నర సెంటీమీటర్లు కదిలింది. 12.5 దిగాలి, కాబట్టి ఐదు అర చుట్లు. కాస్త ఎక్కువ దించి మళ్లీ పైకి తెచ్చి ఆపాను. లోపలి పళ్లచక్రంలో కాస్త వదులు ఉంటుంది. ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చి ఆపితే తర్వాత జారదు.

ఒక లైటును చూసేటప్పుడు రెండోదాన్ని మూయాలి. గుడ్డ కప్పొద్దు, ప్లాస్టిక్ అద్దం వేడెక్కుతుంది. నేను అట్టపెట్టెను లైటుకు జానెడు దూరంలో నిలబెట్టాను.

ఎడమ లైటు కూడా 56కు తెచ్చి, తృప్తిగా బానెట్ మూశాను. దభీమని పడింది. గోడ మీద ఎడమ గీత 60కి ఎగిరింది. బానెట్ తెరిచి లైటును బొటనవేలితో నొక్కితే 56. వదిలితే 60. లైటును బండికి పట్టి ఉంచే కింది ప్లాస్టిక్ చెవి విరిగి ఉంది. గేదె దెబ్బకు కాదు, లైటు కొత్తది. బిగించేటప్పుడు స్క్రూ మరీ బిగించి విరగ్గొట్టి ఉంటారు.

దీనికి తోడు ఇంకో దెబ్బ. ఇంజన్ ఆపి రెండు గంటలు లైట్లు వేసి ఉంచాను. రెండు 55 వాట్ల బల్బులు కలిసి సుమారు 9 ఆంపియర్ల చొప్పున తాగాయి, బ్యాటరీ పాతది. స్టార్టర్ కిర్రుమని ఆగిపోయింది. మామయ్య, పక్క పొలం ఆయన, నేను తోసి స్టార్ట్ చేశాం. పని మధ్యలో అప్పుడప్పుడూ ఇంజన్ వేసి ఉంచండి. ఎలాగూ ఇంజన్ నడుస్తున్నప్పుడే లైటు అసలు కాంతితో వెలుగుతుంది. షెడ్డు తలుపులు మాత్రం బార్లా తెరిచి పెట్టండి, పొగ లోపల నిలవకూడదు.

బ్యాటరీ చార్జింగ్ 100. మొత్తం 670 రూపాయలు, 9 గంటలు.

6వ దశ: విరిగిన చెవి (ఆగస్టు 12 నుంచి 16)

మొదట ఎం-సీల్ పెట్టాను. ఎండి రాయిలా అయింది. రెండో రోజు గుంతలో పడగానే చిప్పలా ఊడొచ్చింది. ఊడిన ముక్క అడుగు అద్దంలా నున్నగా ఉంది, ప్లాస్టిక్‌ను అసలు పట్టుకోనే లేదు. లైటు డబ్బా వెనక పీపీ అని అచ్చు ఉంది. పీపీ అంటే పాలీప్రొపిలీన్, దానికి మామూలు జిగురులేవీ అంటవు. ముందే ఆ రెండక్షరాలు చూసి ఉంటే 40 రూపాయలు, రెండు రోజులు మిగిలేవి.

రెండో ప్రయత్నం: పాత అల్యూమినియం కిటికీ ముక్క, 2 మిల్లీమీటర్ల మందం, 6 సెంటీమీటర్ల పొడవు. ఎల్ ఆకారంలో వంచి, విరిగిన చెవి మొదలుకు రెండు చిన్న స్క్రూలతో, బండి రేకు వైపు పాత బోల్టు రంధ్రానికే బిగించాను. లైటు లోపలి గాలి గదిలోకి రంధ్రం పడకుండా చూసుకోవాలి. పడితే వానాకాలం లోపల నీళ్లే. స్క్రూ పొడవు ముందు బయట పెట్టి కొలిచి, 8 మిల్లీమీటర్లవే వాడాను.

వేలితో నొక్కినా, బానెట్ పదిసార్లు దభీమని మూసినా లైటు కదల్లేదు. స్క్రూలు, వాషర్లు 25.

మొత్తం 735 రూపాయలు, 12 గంటలు.

7వ దశ: షెడ్డు, రెండోసారి (ఆగస్టు 17)

సుద్దగీతలు అలాగే ఉన్నాయి. కుడివైపు కొలత 56.5. ఎడమ 61. ఎడమ స్క్రూ రెండు అర చుట్లు, బానెట్ మూసి మళ్లీ కొలత: 56. బానెట్ మూసి కొలవని కొలతను నేనిక నమ్మను.

తర్వాత పక్కలు. మన బండ్లు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి లో బీమ్ గీత కుడివైపు అడ్డంగా సాగి, మధ్యలో విరిగి, ఎడమవైపు ఏటవాలుగా పైకి లేస్తుంది. ఎడమ రోడ్డంచున నడిచేవాళ్లు, మైలురాళ్లు కనపడాలి, కుడివైపు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడకూడదు. ఆ విరుపు బల్బుకు సరిగ్గా ఎదురున్న నిలువు గీత మీద ఉండాలి. నా ఎడమ లైటు విరుపు 14 సెంటీమీటర్లు కుడికి జరిగి ఉంది. మొదటి రోజు నేను తిప్పిన పక్క స్క్రూ పుణ్యమే. అంటే లేచిన వెలుగు ముక్కలో కొంత నేరుగా ఎదురు బండి మీద పడుతోంది. దాన్ని వెనక్కి తెచ్చాక ఎత్తు మళ్లీ ఒక సెంటీమీటరు మారింది, మళ్లీ సరిచేశాను. ముందు పక్కలు, తర్వాత ఎత్తు. ఈ వరుస తప్పితే రెండుసార్లు చేయాలి.

హెచ్4లో హై బీమ్ అదే బల్బులో ఉంటుంది. దానికి వేరే సర్దుబాటు లేదు.

గీత ఎక్కడుందో చూడటంలో కూడా తేడా వచ్చింది. మామయ్య 57 అంటాడు, నాకు 55.5. ఈ లైట్ల అంచు కత్తితో కోసినట్టు ఉండదు. తెల్ల కాగితాన్ని గోడ మీద కిందినుంచి పైకి జరుపుతూ, దాని మీద వెలుగు చప్పున తగ్గే చోట పెన్సిల్‌తో గీసి, మూడుసార్లు చేసి నడిమిది తీసుకున్నాను.

బరువు పరీక్ష కూడా అప్పుడే. డిక్కీలో 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు, వెనక సీట్లో ఇద్దరు.

- వెనక భాగం దిగింది: 2.4 సెం.మీ.
- ముందు భాగం లేచింది: 2 మి.మీ.
- గోడ మీద గీత: 56 నుంచి 67కి.
- డాష్‌బోర్డ్ చక్రం 1లో: 63. 2లో: 59. 3లో: 55.

నాలుగు బస్తాలు, ఇద్దరు మనుషులు ఎక్కితే నా పదిహేను రోజుల శ్రమ మాయం. ఆ చిన్న చక్రాన్ని ఈ పదకొండేళ్లలో నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. బరువుంటే 3, లేకపోతే 0.

స్క్రూల మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. కదిలితే పగిలి కనిపిస్తుంది. ఇంట్లో వాళ్లది, రంగు బాగానే ఉంది.

రాత్రి అదే దారి. ఎదురొచ్చినవి 26. డిప్పర్ కొట్టింది ఒకటి. అది మామయ్య స్నేహితుడి బండి, పలకరింపు.

మొత్తం 735 రూపాయలు, 15 గంటలు.

తర్వాత (ఆగస్టు 26)

మూడు రోజులుగా లైటు చాలడం లేదు. రోడ్డు పాతిక మీటర్ల అవతల చీకటి. అల్యూమినియం ముక్క జారిందేమోనని టెన్షన్. పొద్దున్నే బానెట్ ఎత్తి చూస్తే నెయిల్ పాలిష్ చుక్కలు చెక్కుచెదరలేదు, బ్రాకెట్ గట్టిగానే ఉంది. అయినా స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాను. తిప్పబోయే ముందు, పోయినసారి నేర్చుకున్నదాన్ని బట్టి ముందు చెయ్యాల్సిన వరుస చదువుకుంటూ వచ్చాను. గాలి, డిక్కీ, చక్రం.

చక్రం 3లో ఉంది. శనివారం ఊరి నుంచి బియ్యం తెచ్చినప్పుడు తిప్పి, బస్తాలు దించాక మర్చిపోయాను. ఖాళీ బండికి 3 పెడితే గీత 44కు దిగుతుంది. అంటే 2.4%, వెలుగు 28 మీటర్ల దగ్గరే నేలను తాకుతుంది.

చక్రం పక్కన మాస్కింగ్ టేప్ ముక్క అంటించి రాశాను: "బస్తాలు దించావా?"